విమానం ఎఫ్.ఎం.లో ఎందుకు మాట్లాడదు?

ప్రశ్న: మా పెదనాన్న గారి రేడియోలో ఏ.ఎం. పెడితే గరగరమంటుంది, ఎఫ్.ఎం. పెడితే పాట శుభ్రంగా వస్తుంది. అయినా విమానాల్లో పైలట్లు ఏ.ఎం.లోనే మాట్లాడతారని మా సైన్సు సారు చెప్పారు. ప్రాణాలతో ముడిపడిన మాటలకు ఆ గరగరలాడే పద్ధతి ఎందుకు పెట్టుకున్నారు?
— ఎనిమిదో తరగతి విద్యార్థిని

జవాబు: నీ ప్రశ్నలో ఒక నమ్మకం దాగుందమ్మా. ఎఫ్.ఎం. మంచిది, ఏ.ఎం. నాసిరకం అని. పెదనాన్న గారి రేడియో పక్కన కూర్చుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది, అందులో తప్పేమీ లేదు. అయితే రేడియో వ్యవస్థను రూపొందించే ఇంజనీరు "ఏది మంచిది?" అని అడగడు. "ఏం పంపాలి, ఎంత దూరం పంపాలి, ఎంత కరెంటు ఉంది, చెడితే ఎలా చెడాలి?" అని అడుగుతాడు. నీకు కావలసిన జవాబు ఆ చివరి ముక్కలో ఉంది. అక్కడికి చేరేలోపు కొంచెం దూరం నడవాలి.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. అసలు మాటను ఉన్నదున్నట్టు గాలిలోకి వదిలేస్తే పోదా? మన గొంతు సెకనుకు కొన్ని వందల నుంచి మూడు నాలుగు వేల సార్లు కంపిస్తుంది. మైకు ఆ కంపనాన్ని విద్యుత్తుగా మారుస్తుంది. దాన్ని తిన్నగా ఏంటెన్నాకు ఇచ్చామనుకో. ఏంటెన్నా సరిగ్గా పనిచేయాలంటే దాని పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు దాకా ఉంటే బాగుంటుంది. సెకనుకు 1000 సార్లు కంపించే రేడియో తరంగం దైర్ఘ్యం 300 కిలోమీటర్లు. నాలుగో వంతంటే 75 కిలోమీటర్లు. దాదాపు విజయవాడ నుంచి బందరు దాకా! అదే సెకనుకు 10 కోట్ల సార్లు, అంటే 100 మెగాహెర్ట్జ్‌లతో కంపించే తరంగమైతే దైర్ఘ్యం 3 మీటర్లే. నాలుగో వంతు 75 సెంటీమీటర్లు. రేడియో మీద మనం పైకి లాగే పుల్ల పొడవు ఇంచుమించు అంతే.

ఇంకో చిక్కు కూడా ఉంది. అందరి గొంతుల కంపనాలూ అదే మేరలో ఉంటాయి. అందరూ నేరుగా వదిలితే ఊరందరి మాటలూ ఒకే చోట కలగాపులగమైపోతాయి, విడదీసే దారి ఉండదు. అందుకే ఒక్కొక్కరికి ఒక్కో వేగంతో కంపించే తరంగాన్ని కేటాయించి, మాటను దాని మీదికి ఎక్కిస్తారు. మోసే తరంగాన్ని వాహక తరంగం అంటారు. మాటను దాని మీదికి ఎక్కించే పనే మాడ్యులేషన్.

ఎక్కించడం అంటే మరేమీ కాదు, మాటకు తగ్గట్టు వాహక తరంగంలో ఏదో ఒకటి మార్చడమే. మార్చడానికి ఏమున్నాయి? సన్నాయి విద్వాంసుడు ఒకే స్వరం పట్టుకుని ఆపకుండా ఊదుతున్నాడనుకో. ఆయన స్వరం మార్చకుండా ఊదే బలాన్ని మాత్రం పెంచి తగ్గించవచ్చు. లేదా బలం అంతే ఉంచి స్వరాన్ని కాస్త పైకీ కిందికీ జరపవచ్చు. మొదటిది ఏ.ఎం., అంటే తరంగం ఎత్తును మార్చడం. పాఠ్యపుస్తకంలో దీన్ని కంపన పరిమితి అంటారు. రెండోది ఎఫ్.ఎం., అంటే పౌనఃపున్యాన్ని మార్చడం.

ఇప్పుడు ఆ సన్నాయి రెండు వీధుల అవతల పెళ్ళింట్లో మోగుతోందనుకో. గాలి ఇటు వీచినప్పుడు గట్టిగా వినిపిస్తుంది, అటు తిరిగితే సన్నగిల్లుతుంది. మధ్యలో ఆటో ఒకటి పోతే కాసేపు ఆ చప్పుడులో మునిగిపోతుంది. అయినా అది ఏ పాటో మనకు తెలిసిపోతుంది. ఎందుకు? గాలి శబ్దం బలాన్ని పాడుచేసింది గానీ స్వరాన్ని పాడుచేయలేదు. మన విద్వాంసుడు తాను చెప్పదలచుకున్నది బలంలో పెడితే గాలి దాన్ని చెడగొట్టేది. స్వరంలో పెట్టాడు కాబట్టి మిగిలింది.

రేడియోలో జరిగేది ఇదే. మెరుపు మెరిసినా, వంటింట్లో మిక్సీ తిరిగినా, వీధిలో పాత మోపెడ్ స్టార్టయినా కొంత విద్యుత్ రొద పుడుతుంది. అది వచ్చి తరంగం ఎత్తుకు కలుస్తుంది. ఏ.ఎం. రేడియోకు మాట ఉన్నదే ఎత్తులో. కలిసినదాంట్లో ఏది మాటో ఏది రొదో దానికి తెలియదు, రెంటినీ వినిపిస్తుంది. పెదనాన్న గారి రేడియో గరగర అదే. ఎఫ్.ఎం. రేడియోలో మాత్రం లిమిటర్ అనే భాగం ఒకటి ఉంటుంది. వచ్చిన తరంగం ఎత్తుపల్లాలన్నిటినీ అది ఒకే మట్టానికి నరికేస్తుంది. నరికినా నష్టం లేదు, ఎందుకంటే ఎత్తులో మాట లేదు. రొదలో చాలా భాగం ఆ నరుకుడులో పోతుంది.

చాలా భాగం అన్నాను, మొత్తం కాదు. రొద పౌనఃపున్యాన్ని కూడా కొంచెం అటూఇటూ కదుపుతుంది. ఆ కొంచెం మనకు వినపడకుండా ఉండాలంటే మాట వల్ల వచ్చే కదలిక దానికంటే ఎన్నో రెట్లు పెద్దదిగా ఉండాలి. ఎఫ్.ఎం. కథలో మలుపు ఇక్కడే ఉంది. 1922లో అమెరికాలో జాన్ కార్సన్ అనే గణితం తెలిసిన ఇంజనీరు లెక్క వేసి, ఎఫ్.ఎం. వల్ల తరంగం ఆక్రమించే చోటు ఏమీ తగ్గదని తేల్చాడు. అప్పట్లో కొందరు ఎఫ్.ఎం. మీద ఆశ పెట్టుకున్నదే చోటు తగ్గుతుందని. కార్సన్ లెక్క సరైనదే. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే మరో ఇంజనీరు అదే విషయాన్ని తలకిందులు చేసి చూశాడు. చోటు తగ్గించడం మానేసి, కావాలనే ఎక్కువ చోటు తీసుకుంటే? పౌనఃపున్యాన్ని బాగా విశాలంగా ఊపితే? 1933లో ఆయనకు పేటెంట్ వచ్చింది. 1935 నవంబరులో న్యూయార్కులో రేడియో ఇంజనీర్ల సభలో ప్రదర్శన ఇచ్చాడు. దూరాన ఒక ఇంట్లో గ్లాసులోకి నీళ్ళు పోసిన చప్పుడు, కాగితం చించిన చప్పుడు సభలో ఉన్నదున్నట్టు వినిపించాయి. ఆ రోజుల్లో రేడియోలో అవి రెండూ ఒకే గరగరగా వినిపించేవి.

అంటే ఆర్మ్‌స్ట్రాంగ్ శుభ్రతను ఊరికే తేలేదు, చోటు ఇచ్చి కొన్నాడు. ఎంత చోటు? ఇది నువ్వే లెక్క వేసి చూడవచ్చు. ఆకాశవాణి హైదరాబాద్ మీడియం వేవ్ (ఏ.ఎం.) కేంద్రం 738 కిలోహెర్ట్జ్, విజయవాడ 837, విశాఖపట్నం 927. ఈ మూడింటినీ తొమ్మిదితో భాగించు. మూడూ శేషం లేకుండా పోతాయి. కాకతాళీయం కాదు. మన వైపు దేశాల్లో మీడియం వేవ్ కేంద్రాలను 9 కిలోహెర్ట్జ్‌ల ఎడంతో పేర్చారు. 531 దగ్గర మొదలుపెట్టి 1602 దాకా తొమ్మిదేసి చొప్పున లెక్కపెడితే 120 చోట్లు వస్తాయి.

తొమ్మిదే ఎందుకు? 837 కిలోహెర్ట్జ్ తరంగం ఎత్తును 1 కిలోహెర్ట్జ్ శబ్దంతో మార్చామనుకో. అప్పుడు గాలిలోకి వెళ్ళేది 837 ఒక్కటే కాదు, దానికి ఇటు 836, అటు 838 కూడా పుడతాయి. వాటిని పక్కపట్టీలు, ఇంజనీర్ల మాటలో సైడ్‌బ్యాండ్‌లు అంటారు. శబ్దం ఎంత పెద్ద పౌనఃపున్యానిదైతే పక్కపట్టీలు అంత దూరం జరుగుతాయి. శబ్దాన్ని 4.5 కిలోహెర్ట్జ్ దగ్గర ఆపేస్తే ఇటు 4.5, అటు 4.5, వెరసి 9. అందుకే మీడియం వేవ్‌లో వార్తలు చక్కగా అర్థమవుతాయి గానీ మువ్వల చప్పుడు మొద్దుబారి వినిపిస్తుంది. మువ్వలో ఉన్న సన్నటి కంపనాలను గుమ్మం దగ్గరే ఆపేశారు.

ఎఫ్.ఎం. కేంద్రం శబ్దాన్ని 15 కిలోహెర్ట్జ్ దాకా రానిస్తుంది, తరంగాన్ని అటూఇటూ 75 కిలోహెర్ట్జ్ దాకా ఊపుతుంది. ఈ రెంటినీ కూడి రెట్టింపు చేస్తే 180 కిలోహెర్ట్జ్ వస్తుంది. దీన్ని కార్సన్ సూత్రమనే పిలుస్తారు, ఎఫ్.ఎం. మీద పెదవి విరిచిన ఆయన పేరే! కొంచెం ఎడం కలిపి ఒక్కో కేంద్రానికి 200 కిలోహెర్ట్జ్ ఇస్తారు. మీడియం వేవ్ మొత్తం వెడల్పు ఇంచుమించు 1080 కిలోహెర్ట్జ్. అందులో ఎఫ్.ఎం. కేంద్రాలు పెడితే అయిదు పడతాయి. 120 ఎక్కడ, అయిదెక్కడ! అందుకే ఎఫ్.ఎం.ను చోటు ధారాళంగా ఉన్న 88 నుంచి 108 మెగాహెర్ట్జ్‌ల మధ్యకు పంపారు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి చెప్పాలి. "ఏ.ఎం. చాలా దూరం పోతుంది, ఎఫ్.ఎం. ఊరు దాటదు" అంటుంటారు. వినడానికి నిజమే, కారణం మాత్రం వేరు. మీడియం వేవ్ తరంగాలు నేలను అంటిపెట్టుకుని పోతాయి, రాత్రిళ్ళు ఆకాశంలోని అయనోస్ఫియర్ పొరను తాకి వెనక్కి వంగుతాయి. 100 మెగాహెర్ట్జ్ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి, నేల వంపు దగ్గర ఆగిపోతాయి. దూరం పౌనఃపున్యాన్ని బట్టి వచ్చింది, మాడ్యులేషన్‌ను బట్టి కాదు. నమ్మకం కలగకపోతే విమానాన్నే చూడు. విమానాల ఏ.ఎం. మాటలు నడిచేది 118 నుంచి 137 మెగాహెర్ట్జ్‌ల మధ్య, ఎఫ్.ఎం. కేంద్రాల పక్కింట్లో. అవి కూడా తిన్నగానే పోతాయి. విమానం పది కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి నాలుగు వందల కిలోమీటర్ల దాకా చూపు అందుతుంది, అంతే.

మరి ఏ.ఎం. బతికి బట్టకట్టింది దేనివల్ల? కరెంటు దగ్గర చూస్తే అది దుబారా మనిషి. 100 వాట్ల వాహక తరంగం మీద నిండుగా ఒక శబ్దాన్ని ఎక్కిస్తే మొత్తం 150 వాట్లు గాలిలోకి పోతాయి. శబ్దం ఉండేది పక్కపట్టీల్లో, ఒక్కోదానిలో 25 వాట్లు. మధ్యలోని 100 వాట్ల వాహకం ఏ కబురూ మోయదు. పైగా రెండు పక్కపట్టీల్లోనూ ఉన్నది ఒకే మాట. ఇంత దుబారా ఎందుకు భరించారంటే, వినే యంత్రం చౌకగా ఉంటుందని. ఆ వాహకం తోడుగా వస్తుంది కాబట్టి వినేవాడికి ఒక డయోడ్, ఒక తీగచుట్ట, ఒక ఇయర్‌ఫోన్ చాలు. బ్యాటరీ లేకుండా కూడా మాట వినిపిస్తుంది. ప్రసార కేంద్రం ఒక్కటి, వినేవాళ్ళు లక్షలు. ఖర్చంతా ఆ ఒక్కరి మీద వేసి లక్షల మందికి చౌక రేడియో ఇవ్వడం తెలివైన పనే. ఆ లెక్క వేసినవాళ్ళను నేను మెచ్చుకుంటాను.

మాట్లాడేది ఇద్దరే అయితే లెక్క తిరగబడుతుంది. అప్పుడు వాహకాన్ని, ఒక పక్కపట్టీని కూడా తీసేసి, మిగిలిన ఒక్క పట్టీనే పంపుతారు. అభిరుచి కొద్దీ రేడియో నడిపే హామ్ రేడియో వాళ్ళు దీన్ని ఎస్.ఎస్.బి. అంటారు. ఉన్న కరెంటంతా మాటకే పోతుంది, చోటు మూడు కిలోహెర్ట్జ్ లోపే సరిపోతుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వాళ్ళు భారతీ ప్రసాద్ ఆధ్వర్యంలో పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్నారు. హామ్‌ల సరదా సంభాషణల కోసం తీసుకెళ్ళిన సెట్లు ఆ ఉదయం నుంచి సహాయ కార్యక్రమాలకు, తమవారి క్షేమం తెలుసుకోవడానికి ఆధారమయ్యాయి. వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి ప్రధాన భూభాగానికి కబురు పోవాలి. చేతిలో ఉన్నది బల్ల మీద పట్టే చిన్న సెట్టు. అలాంటి చోట ఒక్క వాటు కూడా ఖాళీగా పోకూడదు. ఎస్.ఎస్.బి. పుట్టిందే అందుకు.

దానికీ ఒక ధర ఉంది. వాహకాన్ని అక్కడ తీసేశారు కాబట్టి వినే సెట్టు ఇక్కడ మళ్ళీ పుట్టించుకోవాలి, అదీ కచ్చితంగా. ఎప్పుడైనా హామ్ మిత్రుల సెట్టు దగ్గర కూర్చునే అవకాశం వస్తే నాబ్ తిప్పి చూడు. మొదట ఎవరో ముక్కు మూసుకుని గొణుగుతున్నట్టు ఉంటుంది. ఇటు కొంచెం తిప్పితే పీలగా కీచుమంటుంది, అటు తిప్పితే బొంగురుపోతుంది. 100 హెర్ట్జ్ తేడా ఉన్నా గొంతు గొంతులా ఉండదు. వేలి కొనతో వెంట్రుకవాసి జరిపితే ఒక్కసారిగా మనిషి గొంతు నిలబడుతుంది. అలవాటున్న హామ్‌కు అదొక ఆనందం. ఆకాశంలో విమానం నడుపుతున్న పైలట్ చేత మాత్రం ఆ నాబ్ తిప్పించలేం.

ఇప్పుడు నీ విమానం దగ్గరికి వచ్చాం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విమానాల మాటలకు ఏ.ఎం. స్థిరపడిపోయింది. ప్రపంచంలో ఏ దేశపు విమానమైనా ఏ దేశపు విమానాశ్రయంతోనైనా మాట్లాడగలగాలి కాబట్టి, మార్చాలంటే అందరూ ఒకే రోజు మార్చాలి. అది అయ్యే పని కాదు. ఈ కారణం నిజమే, కానీ ఇదొక్కటే అయితే నీకు ఇంత పెద్ద జవాబు రాసేవాణ్ణి కాను.

అసలు కారణం వినడానికి ఒక సందర్భం ఊహించుకో. ఒక విమానాశ్రయం చుట్టూ పదిహేను విమానాలు ఒకే పౌనఃపున్యం మీద ఉన్నాయి. ఒకరు మాట్లాడితే అందరూ వింటారు. ఎంత జాగ్రత్తపడినా ఎప్పుడో ఒకప్పుడు ఇద్దరు పైలట్లు ఒకేసారి బటన్ నొక్కుతారు. అప్పుడు కింద ఉన్న కంట్రోలర్‌కు ఏం వినిపించాలి?

ఎఫ్.ఎం. అయితే ఇలా జరుగుతుంది. వచ్చిన రెండు తరంగాల్లో ఏది బలమైనదో దాని కంపనాన్నే లిమిటర్ పట్టుకుంటుంది. బలహీనమైనదాన్ని రొద కింద జమకట్టి నరికేస్తుంది. ఆ గుణాన్ని కాప్చర్ ఎఫెక్ట్ అంటారు. పాటలు వినేవాడికి ఇది వరం, ఎందుకంటే దూరపు ఊరి కేంద్రం వచ్చి మన కేంద్రం పాటలో కలవదు. కంట్రోలర్‌కు మాత్రం ఇది ప్రమాదం. దగ్గరి విమానం మాట స్పష్టంగా వినిపిస్తుంది, దూరపు విమానం మాట్లాడినట్టే తెలియదు. ఆ దూరపు పైలట్ "ఇంజను చెడింది" అన్నాడేమో!

ఏ.ఎం.లో ఒకటి ఇంకోదాన్ని అలా మింగేయదు. రెండు తరంగాలూ కలిసి వస్తాయి. ఇద్దరి వాహకాలూ పేరుకు ఒకే పౌనఃపున్యం అయినా యంత్రాలు కాబట్టి పిసరంత తేడా ఉంటుంది. 118 మెగాహెర్ట్జ్ దగ్గర లక్షలో ఒక వంతు తేడా ఉంటే 1180 హెర్ట్జ్. ఆ తేడాయే చెవికి ఈలగా వినిపిస్తుంది. మాటలు అర్థం కాకపోవచ్చు, కానీ "ఇద్దరు మాట్లాడారు" అని ఈల చెప్పేస్తుంది. కంట్రోలర్ వెంటనే ఇద్దరినీ విడివిడిగా మళ్ళీ చెప్పమంటాడు. పైగా బలహీనమైన ఏ.ఎం. సంకేతం గరగరలో తడబడుతూనైనా వినిపిస్తుంది. ఎఫ్.ఎం. అయితే ఒక హద్దు కిందికి దిగగానే ఒక్కసారిగా పోతుంది. గరగర వినిపించడం ఇక్కడ లోపం కాదు, సమాచారం.

ఈల ఉన్నంత మాత్రాన అన్నీ చక్కబడతాయని అనుకోవద్దు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె ద్వీపంలో, పొగమంచులో, ఒకే రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. బయలుదేరుతున్న కె.ఎల్.ఎం. విమానాన్ని ఆగమని కంట్రోలర్, తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామని రెండో విమానంలోని పాన్ ఆమ్ పైలట్లు ఒకే క్షణంలో అన్నారు. రెండూ కలిసి కె.ఎల్.ఎం. కాక్‌పిట్‌లో కీచుమనే శబ్దంగా వినిపించాయి. దానికి ముందు కంట్రోలర్ అన్న "ఓకే" మాత్రం చెవిన పడింది. ఈల హెచ్చరించింది, కానీ ఏమన్నారని ఎవరూ మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత మాటల పద్ధతినే బిగించారు. టేకాఫ్ అనే మాటను నిజంగా బయలుదేరమని చెప్పేటప్పుడు తప్ప కంట్రోలర్లు, పైలట్లు వాడకూడదన్నారు. మాడ్యులేషన్ చేయగలిగింది చెవిని లేపడం వరకే.

ఓడల సంగతి వేరు. అత్యవసర పిలుపులకు ఓడలు వాడే 16వ ఛానెల్, అంటే 156.8 మెగాహెర్ట్జ్, ఎఫ్.ఎం.లోనే నడుస్తుంది. పోలీసుల వాకీటాకీలూ ఎక్కువగా ఎఫ్.ఎం.లో పుట్టి పెరిగినవే. సముద్రంలో పరిస్థితి నిమిషాల్లో మారుతుంది, విమానాల దగ్గర సెకన్లలో. పిలుపు ఒకసారి అందకపోతే మళ్ళీ పిలిచే వ్యవధి ఓడకు ఉంటుంది. ఎఫ్.ఎం.లో ఇంకో లాభం కూడా ఉంది. తరంగం ఎత్తు మారదు కాబట్టి పంపే సెట్టులోని యాంప్లిఫయర్‌ను పూర్తి బలంతో తోలవచ్చు, బ్యాటరీ వృథా కాదు. మొదటి తరం డిజిటల్ మొబైళ్ళు, మనం 2జీ అన్నవి, ఎత్తు మారని మాడ్యులేషన్‌నే ఎంచుకోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

మొబైల్ అన్నాను కాబట్టి దాని దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. అందులో పోయేది గొంతు కాదు, సున్నాలూ ఒకట్లూ. తరంగం ఎత్తును, అది పైకి లేచే క్షణాన్ని, అంటే దశను కలిపి మార్చి, ఒక్కో విడతలో కొన్ని స్థితుల్లో ఒకదాన్ని పంపుతారు. నాలుగు స్థితులుంటే విడతకు రెండు బిట్లు. 64 స్థితులుంటే ఆరు. 256 అయితే ఎనిమిది. స్థితులు పెరిగిన కొద్దీ అవి ఒకదానికొకటి దగ్గరవుతాయి, చిన్న రొదకే ఒకటి ఇంకోటిలా కనిపిస్తుంది. ఒక్కో బిట్టు అదనంగా ఎక్కించాలంటే బలం ఇంచుమించు రెట్టింపు కావాలి. అందుకే 4జీ ఫోను టవరు పక్కన ఉంటే 64 లేదా 256 స్థితులు వాడుతుంది, లోపలి గదిలోకి వెళితే నాలుగుకు దిగుతుంది. వీడియో అప్పుడే తిరగడం మొదలుపెడుతుంది. ఇక్కడ ఎంపిక ఇంజనీరు చేతిలో కూడా లేదు. ఫోను చెప్పే కబురును బట్టి టవరు ప్రతి మిల్లీసెకనుకూ నిర్ణయం మార్చుకోగలదు. రెండో కొసన వాయేజర్ అంతరిక్ష నౌక ఉంది. 1977లో బయలుదేరి, 2,400 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరం నుంచి ఇరవై మూడు వాట్లతో మాట్లాడుతోంది. దశను రెండే స్థితుల మధ్య మారుస్తుంది, సెకనుకు 160 బిట్లు పంపుతుంది. తొందర లేనివాడికి అంత దూరం సాధ్యం.

ఇప్పుడు నీకే ఒక పని అప్పగిస్తాను. భీమవరం దగ్గర ఒక రైతుకు ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో రొయ్యల చెరువులున్నాయి. రాత్రిపూట నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేయదు, పైగా వాడుకుంటుంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అప్పుడు నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు తిరగకపోతే రొయ్యలు దక్కవు. చెరువు ఒడ్డున ఒక పరికరం ఆక్సిజన్ ఎంతుందో కొలిచి ఇంటికి కబురు పంపాలి. ఏ మాడ్యులేషన్ పెడతావు?

కబురు ఎంత? చెరువు నంబరు, ఆక్సిజన్, నీటి వేడి, బ్యాటరీ స్థితి. పది పన్నెండు బైట్లు, పావుగంటకోసారి. కరెంటు ఎంత? చిన్న సోలార్ పలక, బ్యాటరీ. దూరం నాలుగు కిలోమీటర్లు, మధ్యలో కొబ్బరి చెట్లు. వైఫై అవసరానికి మించిన వేగం ఇస్తుంది, దూరం ఇవ్వదు. ప్రతి చెరువుకూ సిమ్ పెడితే పనవుతుంది గానీ నెలనెలా రీఛార్జి తప్పదు. మనకు వేగం అక్కర్లేదు, కాబట్టి దాన్ని అమ్మి దూరం కొనుక్కోవచ్చు. లోరా అనే పద్ధతి సరిగ్గా ఆ బేరమే చేస్తుంది. అందులో తరంగం పౌనఃపున్యం ఒక కొస నుంచి ఇంకో కొసకు కూతలా సాగుతుంది, ఎక్కడ మొదలైందన్న దానిలో బిట్లు ఉంటాయి. కూత ఎంత పొడుగైతే రొదలోంచి దాన్ని అంత సులువుగా ఏరుకోవచ్చు. అన్నిటికంటే పొడుగు కూతతో, రొద సంకేతం కంటే 100 రెట్లు బలంగా ఉన్నా కబురు పట్టుకోగలదు. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్‌ల మధ్య నిర్ణీత బలం లోపు దీనికి లైసెన్సు అక్కర్లేదు.

కూత పొడవును 7 నుంచి 12 దాకా అంకెలతో చెబుతారు. ఎలాగూ ఉంది కదా అని నేరుగా 12 పెట్టకు. ఒక్కో మెట్టు ఎక్కితే కబురు గాలిలో ఉండే సమయం దాదాపు రెట్టింపవుతుంది. 7లో సెకనులో చిన్న తునకంత సమయంలో పోయే కబురుకు 12లో సెకనుకు పైగా పడుతుంది. బ్యాటరీ అంతసేపూ ఖర్చవుతుంది, పక్క రైతుల పరికరాల కబుర్లతో ఢీకొనే అవకాశమూ పెరుగుతుంది. ముందు ఇంటి దగ్గరి ఏంటెన్నాను డాబా మీద గట్టి గొట్టానికి ఎత్తి కట్టు. చెట్ల తలలు దాటితే చాలా మేలు జరుగుతుంది. ఆ తర్వాత 9తో మొదలుపెట్టి, వానలోనూ కబుర్లు అందుతున్నాయో లేదో చూసి, అందకపోతే ఒక్కో మెట్టు పెంచు.

మొదట్లో చెప్పిన నాలుగో ప్రశ్న, చెడితే ఎలా చెడాలి అన్నది, ఇక్కడా ఉంది. లోరాలో రెండు కబుర్లు ఢీకొంటే ఈల వినిపించదు. బలమైనది నిలుస్తుంది, లేదా రెండూ పోతాయి. ఇంట్లో తెర మీద పాత అంకె నిశ్చింతగా కనిపిస్తూనే ఉంటుంది, చెరువులో ఆక్సిజన్ పడిపోతూ ఉంటుంది. ఆ హెచ్చరికను మాడ్యులేషన్ ఇవ్వదు కాబట్టి మనమే అమర్చుకోవాలి. అరగంట దాకా కబురు రాకపోతే ఇంట్లో గంట మోగాలి, చెరువు దగ్గరి పరికరానికి ఇంటి నుంచి జవాబు అందకపోతే అది ఎవరినీ అడగకుండా ఏరేటర్ ఆన్ చేసేయాలి. కరెంటు బిల్లు కొంత పెరిగినా రైతు ఏమీ అనుకోడు.